ఓజోన్ దిగిన రేవు

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోని తెలుగువాళ్లకి జనవరిలో రెండు తొందరలు. సంక్రాంతికి అరిసెలు కావాలి, బడులు తెరిచేలోగా పిల్లలకి సముద్రం చూపించాలి. రెండోదానికి చాలామంది జీలాంగ్ దాటి తీరంలో ఉన్న క్వీన్స్‌క్లిఫ్ దారి పడతారు. డిక్కీలో పులిహోర డబ్బా, నోట్లో ‘పార్కింగ్ దొరుకుతుందంటావా’ అన్న బెంగ.

ఈ ఊరి కథకి జోడీ ఫ్రాన్సులో ఉంది. ఫ్రెంచివాళ్ల ఊరంటే మనకి గోదావరి ఒడ్డున యానాం గుర్తొస్తుంది. వాళ్ల దేశంలో షోకు చేసే సముద్రపు ఊరు డోవిల్. మూడో నెపోలియన్‌కి సవతి తమ్ముడైన మోర్నీ ప్రభువు 1860 ప్రాంతంలో ఇసుక దిబ్బల మీద దాన్ని లేపాడు. 1863లో రైలొచ్చింది, వెనకే పారిస్ డబ్బూ వచ్చింది. క్వీన్స్‌క్లిఫ్‌దీ అదే కథ, కాస్త ఆలస్యంగా.

నిజానికి ఇదీ నెపోలియన్ల ఖాతాలోకి పోవలసిన తీరమే. 1802లో ఫ్రెంచి నావికుడు బోడాన్ నౌక ఈ సముద్రం మీదుగానే సాగిపోయింది, క్వీన్స్‌క్లిఫ్ పక్కనున్న అఖాతంలోకి మాత్రం రాలేదు. అప్పటికి కొన్ని వారాల ముందే బ్రిటిష్ నావికుడు జాన్ మర్రే లోపలికి వచ్చి వెళ్లాడు. అయినా 1811 నాటి ఫ్రెంచి పటం ఈ తీరానికంతా నెపోలియన్ పేరే పెట్టుకుంది. పటాలకేం, అడ్డొచ్చేవాళ్లెవరు? ఇక్కడ తరతరాలుగా ఉంటున్న వాథరాంగ్ ప్రజల్ని ఆ రెండు దేశాల్లో ఎవరూ అడగలేదు. 1853లో లెఫ్టినెంట్ గవర్నర్ లట్రోబ్ ఊరికి విక్టోరియా రాణి పేర నామకరణం చేశాడు. 1862లో నల్లరాతి దీపస్తంభం లేచింది. టార్నీట్‌లో పునాది తవ్వితే గునపానికి ఎదురుతిరిగే రాయి కూడా ఈ జాతిదే.

అసలు రుచి బెయిల్యూ కథలో ఉంది. జేమ్స్ బెయిల్యూ 1853లో ఓడ దిగకుండా, దూకి, ఈదుకుంటూ ఇక్కడ ఒడ్డు చేరాడని చెప్పుకుంటారు. పడవ నడిపే కొలువులో కుదిరాడు, పదహారుమంది పిల్లల్ని కన్నాడు. 1879లో జీలాంగ్ నుంచి రైలు రాగానే మెల్‌బోర్న్ ధనవంతులు గాలి మార్పుకని దిగసాగారు. ఒకప్పటి పడవవాడు 1880ల మొదట్లో వాళ్లకోసం కట్టిన పెద్ద హోటల్‌కి యజమానై కూర్చున్నాడు. 1886లో గ్లాస్గోలో కట్టిన ‘ఓజోన్’ స్టీమరు వచ్చింది. రెండు పక్కలా పెద్ద చక్రాలు నీళ్లు చిమ్ముతుంటే జనం రేవులో గుంపుగా దిగేవారు. ఆ పేరు ఎంత మోగిందంటే, తర్వాత హోటల్ తన పేరు మార్చుకుని ‘ఓజోన్’ అయింది.

కొడుకు విలియం లారెన్స్ ఇంకా గట్టివాడు. 1887లో బీరు తయారీదారు ఎడ్వర్డ్ లేథమ్ కూతుర్ని పెళ్లాడాడు, భూముల జోరులో మునిగితేలాడు. జోరు తుస్సుమన్నాక 1892లో అప్పులవాళ్లకి పౌనుకి ఆరు పెన్నీలు ఇచ్చి రాజీ చేసుకున్నాడు. మన లెక్కలో రూపాయికి రెండున్నర పైసలు! తర్వాత దేశంలోకెల్లా పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. 2010 నుంచి 2013 వరకు విక్టోరియా ప్రీమియర్‌గా ఉన్న టెడ్ బెయిల్యూ ఆ వంశంవాడే.

ఆ తర్వాత కథ చెదిరిపోతుంది. కార్లొచ్చాయి, స్టీమర్లు మూలబడ్డాయి. 1976లో రైలు ఆగింది, ఇప్పుడు సరదా కోసం మాత్రం నడుపుతున్నారు. హోటల్ అపార్ట్‌మెంట్లయింది. 1987 నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న సొరెంటోకి కార్లెక్కించుకునే ఫెర్రీ తిరుగుతోంది. ఊళ్లో జనం పదిహేను వందల చిల్లర. 2021 లెక్కల్లో టార్నీట్ ఒక్కటే 56 వేలు దాటింది. టార్నీట్‌కి రైలు స్టేషన్ వచ్చింది మాత్రం 2015లో!

ఓజోన్ నౌకని 1925లో ఇండెంటెడ్ హెడ్ దగ్గర చిన్న పడవలకి అలల అడ్డుగా ముంచేశారు. నూరేళ్లు దాటినా తుప్పుపట్టిన దాని చక్రం ఇంకా నీళ్లపైకి కనిపిస్తుంది. క్వీన్స్‌క్లిఫ్ వెళ్లినవాళ్లు తిరుగుదారిలో అటు మళ్లండి. ఆటు వేళైతే ఒడ్డు నుంచే బాగా కనిపిస్తుంది.