సొంతంగా కట్టుకున్న కంపైలరు, ఉమ్మడి రన్‌టైమ్ లైబ్రరీ

సోర్సు నుంచి కంపైలరును కట్టుకుని, కంప్యూటరులో ముందే ఉన్న కంపైలరు పక్కన పెట్టుకున్నవారికి తరచు ఎదురయ్యే చిక్కు ఇది. ప్రోగ్రాము ఏ లోపమూ లేకుండా తయారవుతుంది, నడపబోతే ఆగిపోతుంది. తయారీ వేళ లైబ్రరీని వెతికేది లింకరు, నడిచే వేళ వెతికేది లోడరు. ఈ రెండూ ఒకే చోట వెతకవు.

తొలినాళ్లలో లైబ్రరీలో కావలసిన భాగం ప్రతి ప్రోగ్రాములోనూ కలిసిపోయేది, కల్వకుర్తి మెట్టల్లో ఎవరి చేనుకు వారు బోరు వేసుకున్నట్టు. ఉమ్మడి లైబ్రరీ కాలువ నీటి వంటిది. ఆ మెట్టలకు ఎల్లూరు, సింగోటం, గుడిపల్లి గట్టు మీదుగా ఎత్తిపోసే శ్రీశైలం నీళ్లు అందరివీ. అయితే తూము ఎక్కడుందో తెలియాలి.

నడుస్తుండగానే లైబ్రరీని జోడించే పద్ధతి 1960ల నాటి ఆపరేటింగ్ సిస్టమ్ మల్టిక్స్‌లోనే ఉంది. యూనిక్స్ లోకంలో దాన్ని పాదుకొల్పినది 1988 నాటి సన్ఓఎస్ 4.0. లినక్స్‌లో మొదట ఒక్కో లైబ్రరీకి స్థిరమైన చిరునామా కేటాయించాల్సి వచ్చేది. 1990ల నడుమ ఎల్ఫ్ అనే ఫైలు రూపానికి మారాక ఆ బాధ తీరింది. ఎల్ఫ్ ఫైలులో సాధారణంగా లైబ్రరీ పేరే ఉంటుంది, దారి ఉండదు. అసలు చిక్కు అక్కడే.

సీ++ లైబ్రరీ విషయంలో ఇది మరీ తీవ్రం. జీసీసీ కంపైలరు 3.4 కూర్పు (2004) నుంచి నేటిదాకా దాని పేరు చివర ఉన్న అంకె 6 మారలేదు. కొత్త లైబ్రరీతో పాత ప్రోగ్రాములు నడుస్తాయి, పాతదానితో కొత్తవి నడవకపోవచ్చు. 2015లో జీసీసీ 5 స్ట్రింగ్, లిస్ట్ అమరికను మార్చినప్పుడు కూడా పాత రూపాన్ని అదే ఫైలులో ఉంచి పేరును కాపాడారు. ఇది చాలా ముందుచూపుతో చేసిన పని. కానీ పేరు ఒకటే కావడంతో, కొత్త కంపైలరు తన సంచయంలోని లైబ్రరీతో లింకు చేసినా, లోడరు వ్యవస్థలోని పాతదాన్నే అందుకుంటుంది. ఫలానా కూర్పు దొరకలేదంటూ ప్రోగ్రాము ఆగుతుంది.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ చరరాశిలో దారి రాయడం చాలామంది మొదట పట్టుకునే ఉపాయం. అది ఆ షెల్లు నుంచి నడిచే ప్రతి ప్రోగ్రాముకూ వర్తిస్తుంది కాబట్టి శాశ్వతంగా ఉంచుకోదగ్గది కాదు. జీసీసీ 4.5 (2010) సీ++ లైబ్రరీని ప్రోగ్రాములోనే కలిపేసే ఐచ్ఛికాన్ని ఇచ్చింది, అంటే మళ్లీ బోరు. మేలైన మార్గం ఆర్‌పాత్: దారిని ప్రోగ్రాములోనే రాయడం. దీని పాత రూపాన్ని లోడరు ఆ చరరాశి కంటే ముందు చూస్తుంది. రన్‌పాత్ అనే కొత్త రూపాన్ని ఆ చరరాశి తర్వాత చూస్తుంది, పైగా ఒక లైబ్రరీకి మళ్లీ అవసరమయ్యే లైబ్రరీలకు వర్తింపజేయదు. ఈ తేడా తెలియక రోజులు పోగొట్టుకునేవారున్నారు.

  ఒకే యంత్రంలో రెండు మూడు కంపైలర్లు పెట్టుకునేవారు, జీసీసీ అయితే దాని స్పెక్స్ ఫైలులోనే ఆర్‌పాత్ చేర్చుకోవచ్చు. అప్పుడు ఆ కంపైలరుతో తయారయ్యే ప్రతి ప్రోగ్రామూ దారిని వెంట తీసుకుపోతుంది. దారి మొదట డాలర్ ఒరిజిన్ అని రాస్తే, ప్రోగ్రాము ఉన్న సంచయం నుంచే వెతుకులాట మొదలవుతుంది. సంచయాన్ని మొత్తంగా మరో యంత్రానికి మార్చినా జోడింపు చెడదు.