తెల్లవారుజామున మోగే పైపులు

న్యూయార్క్ నగరంలో అక్టోబరు 1 నుంచి మే 31 దాకా అద్దె ఇంటిని వెచ్చగా ఉంచే బాధ్యత యజమానిది. పగటిపూట, అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, బయటి చలి 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగువకు పోతే గదిలో కనీసం 68 డిగ్రీలు ఉండాలి. రాత్రి 10 నుంచి తెల్లారి 6 దాకా 62 ఉంటే చాలు. ఆ నగరంలో చలికాలపు నిద్రాభంగానికి ఒక కారణం ఈ ఆరు డిగ్రీల తేడాయే. రాత్రి బాయిలర్ ఊరుకుంటుంది, పైపులు చల్లబడతాయి. ఆరింటికల్లా 68 చూపించాలి కాబట్టి అందరూ గాఢనిద్రలో ఉన్న వేళ బాయిలర్ మళ్ళీ రాజుకుంటుంది. చల్లని ఇనుములోకి ఆవిరి దూసుకొస్తుంది. ఇక గోడలోపల ఎవరో సుత్తి పట్టుకుని కూర్చున్నట్టే.

ఈ చప్పుడు పాతకాలపు మొరటు యంత్రాల పుట్టులక్షణమని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఆ యంత్రాలు చాలావరకు నిశ్శబ్దంగానే పుట్టాయి. తర్వాతి తరాలు ఇంధనం మిగుల్చుకోబోయి, మరమ్మతు ఖర్చు తప్పించుకోబోయి వాటికి గొంతు తెప్పించాయి.

ఇల్లంతటికీ ఒకేచోట మంట పెట్టి వెచ్చదనం పంచడం చాలా పాత ఆలోచన. రోమన్లు నేల కింద ఖాళీ వదిలి అందులోకి పొయ్యి వేడిని పంపారు. కొరియా వాళ్ళు ఓండోల్ పేరుతో ఇప్పటికీ నేలనే వేడి చేసుకుంటారు. గాలి, పొగ, రాయి తప్ప మరేమీ లేని ఆ పాత ఏర్పాట్లలో మోగడానికి ఏముంది? పైపులోకి ఆవిరి ఎక్కినప్పుడే అసలు కథ మొదలైంది. జేమ్స్ వాట్ 1784 ప్రాంతంలో తన గదిని ఆవిరితో వెచ్చబరచుకున్నాడు. 1824లో థామస్ ట్రెడ్‌గోల్డ్ భవనాల వెచ్చదనం మీద, గాలి రాకపోకల మీద ఇంజనీర్ల కోసం పుస్తకం రాశాడు. 1831లో ఆంజియర్ మార్చ్ పెర్కిన్స్ సన్నని ఇనుప గొట్టాల్లో అధిక పీడనంతో వేడినీళ్ళు తిప్పే పద్ధతికి లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. పెర్కిన్స్ దగ్గర పని నేర్చిన జోసెఫ్ నేసన్, జేమ్స్ వాల్‌వర్త్‌తో కలిసి 1840లలో ఈ విద్యను అమెరికాలో వ్యాపారంగా నిలబెట్టాడు. 1877లో లాక్‌పోర్ట్ అనే ఊళ్ళో బర్డ్‌సిల్ హాలీ వీధి కింద పైపులు వేసి ఒకే బాయిలర్‌తో అనేక ఇళ్ళకు ఆవిరి పంపాడు. ఐదేళ్ళకు, 1882లో, మాన్‌హాటన్ వీధుల కిందా ఆవిరి పారింది. అది నేటికీ పారుతూనే ఉంది.

అపార్ట్‌మెంట్లకు మాత్రం నేలమాళిగలో సొంత బాయిలర్, ఒంటిపైపు పద్ధతి ఎక్కువగా నప్పాయి. ఇందులో ప్రతి రేడియేటర్‌కీ ఒకటే పైపు. పైకెళ్ళే ఆవిరీ, చల్లబడి కిందికి దిగే నీళ్ళూ అదే దారిలో ఎదురెదురుగా నడవాలి. పంపు లేదు, మోటారు లేదు. ఆవిరి తన పీడనంతో ఎక్కుతుంది, నీరు తన బరువుతో దిగుతుంది. అందుకే మొత్తం పని వాలు మీద ఆధారపడింది. రేడియేటర్ వాల్వ్ వైపు కొంచెం ఒరగాలి. అడ్డంగా పోయే పైపులు నీరు జారేలా వంపుగా ఉండాలి. రేడియేటర్ రెండో చివర ఉండే చిన్న వెంట్, లోపలి గాలిని వదిలి, ఆవిరి తగలగానే మూసుకోవాలి. ఇంత తక్కువ సామానుతో పదంతస్తులు వెచ్చబడడం ఆ కాలపు ఇంజనీర్ల ప్రతిభే. ఇళ్ళ పద్ధతికి చదరపు అంగుళానికి రెండు పౌన్ల పీడనం మించి అవసరమే లేదు.

వాలు చెడితేనే సుత్తి పుడుతుంది. కాలం గడిచి భవనం కుంగుతుంది, పైపును పట్టిన కొక్కెం సడలుతుంది, ఎక్కడో ఒకచోట గొట్టం పొట్ట వేలాడి అందులో దోసెడు నీళ్ళు నిలుస్తాయి. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిమీద అల లేపుతుంది. అల గొట్టం పైభాగాన్ని తాకితే దారి మూసుకుపోతుంది. అవతల చిక్కుకున్న ఆవిరి చల్లని గోడలకు తగిలి ఒక్కసారిగా నీరవుతుంది. మామూలు వాతావరణ పీడనంలో నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అది తిరిగి నీరైతే ఆ చోటంతా శూన్యం. ఆ శూన్యంలోకి నీటిముద్ద ఉరికి గొట్టం మలుపును గుద్దుతుంది. ఇనుము ఆ దెబ్బను భవనమంతా మోసుకెళ్తుంది కాబట్టి రెండో అంతస్తులో తగిలిన దెబ్బ ఐదో అంతస్తువాడి తలగడ కింద తగిలినట్టుంటుంది. పైపులో నీటి దెబ్బ ఎంత బలంగా ఉంటుందో మాస్కో నీటి సరఫరా పైపుల మీద ప్రయోగాలు చేసి నికొలాయ్ జుకోవ్‌స్కీ 1898లో లెక్కగట్టాడు. ఆయన చూసినది వాల్వ్ హఠాత్తుగా మూస్తే వచ్చే దెబ్బ. ఆవిరి సుత్తి దానికి దగ్గరి చుట్టం.

మరి తొలి దశాబ్దాల్లో ఈ గోల ఎందుకు తక్కువగా ఉండేది? బొగ్గు మంట వల్ల. బొగ్గు బాయిలర్‌ని ఆర్పేవారు కాదు. రాత్రి నిప్పు మీద బూడిద కప్పి నిదానంగా కాగనిచ్చి, పొద్దున్నే కెలికి పెంచేవారు. ఆవిరి మెల్లగా లేచేది, పైపులు పూర్తిగా చల్లారేవి కావు. తర్వాత చమురు, గ్యాసు బర్నర్లొచ్చాయి. వీటికి కప్పిపెట్టడం తెలియదు. వెలిగితే నిండు మంట, ఆరితే చీకటి. అప్పటికే థర్మోస్టాట్ ఉంది. 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ బాయిలర్ గాలితలుపును దానంతటదే తెరిచి మూసే సాధనం చేశాడు. తర్వాత దానికి గడియారం తోడయి, రాత్రి వేడి తగ్గించి పొద్దున పెంచే పని యంత్రం చేతికి పోయింది. ఇంధనం మిగిలింది. పైపు మాత్రం రోజుకు అనేకసార్లు చల్లారి, మళ్ళీ వేడెక్కాల్సి వచ్చింది.

1918 ఇన్‌ఫ్లుయెంజా ఈ కథలో ఊహించని పాత్ర. మూసిన గదిలో రోగం ముదురుతుందన్న భయంతో చలికాలంలోనూ కిటికీలు తెరిచి పడుకోమని ఆరోగ్యశాఖలు చెప్పాయి. 1920లలో చాలామంది ఇంజనీర్లు కిటికీ తెరిచి ఉన్నా గది వెచ్చగా ఉండేంత పెద్ద బాయిలర్లు, రేడియేటర్లు పెట్టారు. భయం పోయింది, కిటికీలు మూసుకున్నాయి, పెద్ద బాయిలర్లు మాత్రం మిగిలాయి. మంచు కురుస్తుండగా కిటికీ తెరిచి కూర్చునే న్యూయార్క్ వాసి వందేళ్ళ కిందటి ప్రజారోగ్య సలహాను తెలియకుండానే పాటిస్తున్నాడు.

ఆ తర్వాత చేసిన పాపాలు ఎక్కువగా మరమ్మతుల పేరుతో జరిగినవే. పైపుల చుట్టూ ఉన్న ఆస్‌బెస్టాస్ తొడుగు ప్రమాదమని తేలి 1970ల తర్వాత చాలాచోట్ల తీసేశారు. తీయాల్సిందే. కానీ దాని స్థానంలో మరో తొడుగు వేయలేదు, దాంతో గది చేరకముందే ఆవిరి సగం నీరయింది. పై అంతస్తుకు వేడి అందడం లేదనగానే పీడనం పెంచారు, అది నీటిని ఇంకా గట్టిగా తోసింది. అద్దెకున్నవాళ్ళు వేడి తగ్గించుకోవడానికి వాల్వ్ సగం మూశారు. ఒంటిపైపులో వాల్వ్ పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం మూస్తే నీరు దిగలేక రేడియేటర్ బుడబుడలాడుతుంది. కొత్త బాయిలర్ పెట్టిన ప్లంబర్లూ తమ వంతు కలిపారు. హార్ట్‌ఫర్డ్‌లోని ఒక బాయిలర్ బీమా సంస్థ 1919 ప్రాంతంలో ప్రచారం చేసిన పైపు మెలిక ఒకటుంది. తిరుగు పైపు కారిపోయినా బాయిలర్ ఎండిపోకుండా కాపాడుతుంది. అందులో అతుకుముక్క పొట్టిగా ఉండాలి. పొడుగుముక్క వేస్తే ప్రాణం దక్కుతుంది, నిద్ర దక్కదు.

ఈ పరిజ్ఞానం ఒక దశలో దాదాపు కనుమరుగైంది. పాత ఇంజనీర్లు పోయారు, కొత్తవాళ్ళు వేడినీళ్ళూ, వేడిగాలీ నేర్చుకున్నారు. లాంగ్ ఐలండ్‌కి చెందిన డాన్ హోలోహన్ పాత పుస్తకాలు వెతికి, నేలమాళిగలు తిరిగి 1992లో ‘ది లాస్ట్ ఆర్ట్ ఆఫ్ స్టీమ్ హీటింగ్’ రాశాడు. ఆ పాత ఇంజనీర్లను ఆయన ప్రేమగా ‘డెడ్ మెన్’ అంటాడు. మందు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు: రసమట్టం పెట్టి వాలు చూడడం, రేడియేటర్ కాలు కింద చెక్కముక్క దోపడం, పాడైన వెంట్ మార్చడం, పైపులకు తొడుగు వేయడం, పీడనం తగ్గించడం.

జెర్సీ సిటీ పాత ఇటుక అపార్ట్‌మెంట్లలో దిగే మన తెలుగు విద్యార్థులకు ఈ విద్య ఎవరూ నేర్పరు. మనకు ఇంటిని చల్లబరచుకోవడం తెలుసు, వెచ్చబరచుకోవడం తెలియదు. మొదటి చలికాలంలో గోడ దబదబమంటే పైవాళ్ళేదో కొడుతున్నారనుకుంటారు. వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూసి, తర్వాత భవనం చూసుకునే సూపర్‌కి చెప్పడం మంచిది. ఏ వేళకు, ఏ గదిలో మోగిందో రాసిస్తే నీరెక్కడ నిలిచిందో పట్టుకోవడం సులువు.

బ్రిటన్ కథ వేరు. అక్కడ మామూలు ఇళ్ళకు సెంట్రల్ హీటింగ్ చాలా ఆలస్యంగా వచ్చింది. 1970 నాటికి మూడో వంతు ఇళ్ళకు అటూఇటూగానే ఉండేది. వచ్చినది పంపుతో తిరిగే వేడినీళ్ళు, కాబట్టి సుత్తి పోయి కీచుమనే చప్పుడు వచ్చింది. పది మీటర్ల రాగి గొట్టం 50 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చెక్క దూలంలో బిగుతైన గాడిలో దాన్ని కూర్చోబెడితే సాగిన ప్రతిసారీ టిక్కుమంటుంది, చల్లారేటప్పుడు మరోసారి. లండన్ చుట్టుపక్కల సున్నపు నీళ్ళు బాయిలర్ లోపల పొర కట్టి బుసబుసలాడిస్తాయి. రేడియేటర్ వేడిని దానంతటదే సర్దే వాల్వును డెన్మార్క్‌లో మాడ్స్ క్లౌసెన్ 1943లో కనిపెట్టాడు. దాన్ని నీటి ప్రవాహానికి ఎదురుగా బిగిస్తే అదీ టపటపలాడుతుంది.

ఇప్పుడు హీట్ పంపుల వంతు. వీటికి లోపల మంట లేదు, బయట ఫ్యాన్, కంప్రెసర్ ఉన్నాయి. అంటే చప్పుడు ఇంటివాడి గోడ దాటి పొరుగువాడి కిటికీ దగ్గరికి చేరింది. జర్మనీ నిబంధనలు కేవలం నివాసాలే ఉన్న ప్రాంతంలో రాత్రి 10 నుంచి 6 దాకా 35 డెసిబెల్స్ దాటకూడదంటాయి. పొరుగింటి సరిహద్దుకు కనీసం మీటరు దూరంలో ఉండాలన్న షరతును ఇంగ్లండ్ 2025లో ఎత్తేసింది, ధ్వని పరిమితిని మాత్రం అలాగే ఉంచింది. తక్కువ వేడి నీళ్ళతో నడిచే ఈ యంత్రం రాత్రంతా నెమ్మదిగా తిరిగితేనే పొదుపు. పడుకునే ముందు ఆపేసి తెల్లవారుజామున పూర్తి వేగంతో లేపితే దీని ఫ్యాన్ కూడా ఆ వేళకే గొంతెత్తుతుంది, ఈసారి పొరుగింటి పడకగది వైపు.