ఒడ్డున నిర్మించిన సముద్రము

1956 జూలై 25వ తేది రాత్రి అట్లాంటిక్ సముద్రమున, నాంటకెట్ దీవి చేరువను, పొగమంచు క్రమ్మియుండఁగా ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అను నోడలు ఢీకొనెను. 51 మంది మరణించిరి. చీకటిలోను దూరపు ఓడలను చూపు రాడార్ యంత్రము రెండింటను గలదు. ఎదుటి ఓడ దానియందు కనఁబడెను. కాని ఆ గమనమును సరిగా గణింపకపోవుట ముఖ్యకారణమని నావికనిపుణులు తలంచిరి.

యంత్రమున్నను అభ్యాసము లేనిచో ఫలమేమి? ప్రమాదమును నేర్చుకొనుటకై ప్రమాదమునే తెచ్చుకొనరాదు గదా! అందుచే ఒడ్డుననే ఓడను, సముద్రమును పోలిన కృత్రిమసాధనములను కల్పించిరి. 1995లో సవరింపఁబడిన అంతర్జాతీయ నావికశిక్షణ నిబంధనలు రాడార్ శిక్షణకు వానిని తప్పనిసరి చేసినవి. నేఁడు కన్నులకు తొడుగు యంత్రములోనే తుపానును, రేవును, ఎదురువచ్చు ఓడయు గోచరించును.

ఇసుకలో ఓనమాలు దిద్దిన మనకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ఇసుకలో తప్పు చెరిపి మరల వ్రాయవచ్చును. సముద్రము అట్టి యవకాశము నీయదు.