సుంకాల గొడవట! అమెరికా అంతర్యుద్ధం - లండన్ పత్రికలు

గత భాగంలో జోతిరావు ఫూలే 'గులాంగిరి' గురించి చెప్పుకున్నాం. 1873లో వచ్చిన ఆ పుస్తకాన్ని ఆయన, నల్లవాళ్లను బానిసత్వం నుంచి విడిపించడానికి పూనుకున్న అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. పుణెలో ఉన్న ఒక శూద్ర మేధావికి ఆ యుద్ధం దేనికోసమో తెలిసింది. యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ప్రతి ఓడలోనూ అమెరికా కబుర్లు అందుకున్న లండన్ పెద్ద పత్రికలకు మాత్రం తెలియలేదు. నిజంగా తెలియలేదా? తెలిసే అలా రాశాయా?

1861 ఏప్రిల్ 12న దక్షిణాది సేనలు సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చడంతో యుద్ధం మొదలైంది. 'టైమ్స్', 'ఎకానమిస్ట్', 'శాటర్డే రివ్యూ' వంటి పత్రికల్లో వచ్చిన వ్యాఖ్యల సారం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఇది సుంకాల గొడవ. బానిసత్వంతో దీనికి సంబంధం లేదు. ఉత్తరాదికి పెత్తనం యావ. చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రికలో కూడా ఆ డిసెంబరులో ఈ సుంకాల వాదనే అచ్చయింది.

అప్పుడు లండన్‌లో ప్రవాసంలో ఉన్న కార్ల్ మార్క్స్, వియన్నా పత్రిక 'డీ ప్రెస్సె'లో 1861 అక్టోబరు 25న దీనికి జవాబు రాశాడు. ఆయన చేసిన పని చాలా మామూలుది. తేదీలు చూశాడు. దక్షిణ కరోలినా యూనియన్ నుంచి విడిపోయింది 1860 డిసెంబరు 20న. ఫిబ్రవరి మొదటికల్లా ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. సుంకాలు పెంచిన మోరిల్ చట్టం వచ్చింది 1861 మార్చి 2న. దక్షిణాది సభ్యులు సభలు వదిలి వెళ్లిపోయారు కాబట్టే ఆ చట్టం గట్టెక్కింది. తర్వాత వచ్చిన చట్టం ముందు జరిగిన చీలికకు కారణం ఎలా అవుతుంది?

అసలు దక్షిణాది వాళ్లే ఏమీ దాచుకోలేదు. మేం ఎందుకు విడిపోతున్నామో మిసిసిపీ రాష్ట్రం తన ప్రకటనలో మొట్టమొదటే చెప్పింది: బానిసత్వం కోసం. నల్లవాడు తెల్లవాడికి సమానం కాడన్నదే మా కొత్త ప్రభుత్వానికి పునాది రాయి అని ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో బహిరంగంగా ప్రసంగించాడు. యజమాని నోటితో చెప్పిన మాటను కూడా వినకుండా, లండన్ సంపాదకులు అతని తరఫున మర్యాదైన కారణం వెతికిపెట్టారు.

వాళ్ల చేతిలో ఒక బలమైన వాదన ఉందనేది ఒప్పుకోవాలి. ఇప్పటికే ఉన్న చోట బానిసత్వం జోలికి పోనని లింకన్ తన తొలి ప్రసంగంలోనే చెప్పాడు. మరి ఇది విముక్తి యుద్ధం ఎలా అవుతుందని వాళ్లు అడిగారు. మార్క్స్ జవాబు ఇక్కడే పదునెక్కింది. ఉత్తరాది బానిసల్ని విడిపించడానికి యుద్ధానికి దిగలేదు, నిజమే. కానీ దక్షిణాది బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు విస్తరించడానికి యుద్ధానికి దిగింది. యుద్ధం మొదలుపెట్టినవాడి లక్ష్యం చూడకుండా, ఎదుటివాడి తడబాటును చూపించి అసలు కారణాన్నే మాయం చేయడం పాత ఎత్తుగడ.

బ్రిటన్ మిల్లుల పత్తిలో అత్యధిక భాగం ఆ దక్షిణాది తోటల నుంచే వచ్చేది. ఆ రోజుల్లో అక్కడ సుమారు 40 లక్షల మంది బానిసలు. పత్తి రాక ఆగిపోయి లాంకషైర్ కార్మికులు పస్తులున్నారు. అయినా 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ సభలో చేరిన కార్మికులు లింకన్‌కు మద్దతు తెలుపుతూ లేఖ పంపారు. కడుపు కాలినవాళ్లు చూడగలిగింది కడుపు నిండిన సంపాదకులు చూడలేదు.

ఇంకొకటి. 1861 మేలో ముగ్గురు బానిసలు పడవ మీద పారిపోయి వర్జీనియాలోని మన్రో కోటకు చేరారు. యజమాని తిరిగి అడిగితే జనరల్ బట్లర్ ఇవ్వనన్నాడు. వాళ్లను మనుషులుగా కాదు, శత్రువు నుంచి స్వాధీనం చేసుకున్న సరుకుగా లెక్కగట్టాడు! అయినా ఆ దారిలో వేలమంది నడిచొచ్చారు. చివరికి సుమారు 1,80,000 మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరారు. బానిసలే ఆ యుద్ధం నడకను మార్చారని డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్ 1935లో పుస్తకం రాసి నిరూపించాల్సి వచ్చింది. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఆ డుబాయిస్‌కే.

సంపాదకీయాల్లో లేనిది వీళ్లే. సుంకాలున్నాయి, రాజ్యాంగం ఉంది, పత్తి ధర ఉంది. పత్తి తీసిన చేతులు లేవు.

ఈ భాష మనకు కొత్త కాదు. పేట మీద పడి నరికితే 'ఇరువర్గాల ఘర్షణ' అంటారు. కులం అన్న మాట రాకుండా పొలం తగాదా, పాత కక్షలు, కుర్రాళ్ల దుడుకుతనం వెతికి తెస్తారు. కాబట్టి ఏ దేశపు అంతర్యుద్ధం మీద సంపాదకీయం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. తేదీలు కలుస్తున్నాయా? కొట్టినవాడు తన నోటితో ఏం చెప్పాడు? దెబ్బ తిన్నవాళ్ల మాట ఇందులో ఎక్కడుంది?

వచ్చే భాగంలో డుబాయిస్‌కు అంబేడ్కర్ రాసిన ఉత్తరం గురించి.

జై భీమ్.