స్ట్రీమింగ్ యాప్ లోడ్ కావట్లేదా? కస్టమర్ కేర్ నంబర్ వెతికే ముందు ఇవి చూసుకోండి

కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిన రోజో, క్రికెట్ మ్యాచ్ రసపట్టులో ఉన్నప్పుడో యాప్ మొరాయిస్తుంది. లోగో కనిపిస్తుంది, చక్రం తిరుగుతుంది, అంతకు మించి ముందుకు పోదు. ఆ తొందరలో చాలామంది గూగుల్‌లో యాప్ పేరు కొట్టి, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతుకుతారు. దొరికిన నంబర్‌కు ఫోన్ చేసేస్తారు. సైబర్ నేరగాళ్లు కాచుకుని కూర్చునేది సరిగ్గా ఆ ఫోన్ కోసమే.

యాప్ తెరుచుకోకపోతే పోయేది ఒక సాయంత్రం. తప్పుడు నంబర్‌కు ఫోన్ చేస్తే పోయేది బ్యాంకు ఖాతాలో డబ్బు. నిజానికి ఈ సమస్యల్లో చాలావరకు ఇంట్లో కూర్చునే, పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. లోపం ఉండే చోట్లు నాలుగే: కంపెనీ సర్వర్, ఇంటర్నెట్, ఫోన్ లేదా టీవీ, ఖాతా. ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండు నిమిషాల్లో మూడు పరీక్షలు

1. అదే ఫోన్‌లో వేరే వీడియో యాప్ తెరిచి చూడండి. అది కూడా ఆడకపోతే తప్పు యాప్‌ది కాదు, నెట్‌దో ఫోన్‌దో.

2. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో అదే యాప్ తెరవండి. ఆడితే గొడవ ఇంటి వైఫైలో ఉంది.

3. ఇంట్లో ఇంకో ఫోన్‌లో అదే యాప్ తెరవండి. అక్కడ ఆడి ఇక్కడ ఆడకపోతే లోపం మొదటి ఫోన్‌లో ఉన్నట్టు. రెండు ఫోన్లలో, రెండు రకాల నెట్ మీదా ఆడకపోతే కంపెనీ సర్వర్‌ను గానీ, మీ ఖాతాను గానీ అనుమానించాలి.

సర్వర్ డౌన్ అయితే చేసేదేమీ లేదు

పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పవు. 2022 నవంబర్ 20న ఫిఫా ప్రపంచకప్ మొదలైన రోజున జియో సినిమాలో వీడియో ఆగి ఆగి రావడంతో ఆ సంస్థ ప్రేక్షకులకు క్షమాపణ చెప్పింది. 2024 నవంబర్ 15న మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీని నెట్‌ఫ్లిక్స్ ప్రత్యక్షంగా చూపినప్పుడు 6 కోట్ల ఇళ్లలో చూశారని కంపెనీయే చెప్పింది. ఆ రాత్రి బఫరింగ్ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్ విభాగంలో లోపం తలెత్తితే ప్రైమ్ వీడియోతో పాటు ఆ క్లౌడ్ మీద నడిచే ఎన్నో యాప్‌లకు ఇబ్బంది కలిగింది.

ఇలాంటప్పుడు ఫోన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. కంపెనీ అధికారిక ఎక్స్ ఖాతా చూస్తే సంగతి తెలిసిపోతుంది. ముఖ్యంగా యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. చేస్తే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న సినిమాలు పోతాయి. మళ్లీ లాగిన్ కావాలంటే ఓటీపీ కావాలి. సర్వర్ డౌన్‌గా ఉంటే ఆ ఓటీపీ కూడా రాకపోవచ్చు.

నెట్ ఉంది, కానీ సరిపోవట్లేదు

'వాట్సాప్ మెసేజ్‌లు వస్తున్నాయి కదా, నెట్ బాగానే ఉంది' అనుకోవడం మామూలు. కానీ మెసేజ్‌కు కావాల్సిన వేగం వేరు, వీడియోకు కావాల్సింది వేరు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720పీ హెచ్‌డీకి సెకనుకు 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ కావాలి. మన ప్రీపెయిడ్ ప్యాకుల్లో రోజువారీ డేటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే 720పీకి కావాల్సిన వేగంలో దాదాపు 47వ వంతు. మెసేజ్ మెల్లగా పోతుంది, వీడియో మాత్రం కదలదు.

డేటా ఎంత తొందరగా అయిపోతుందో కూడా చాలామందికి అంచనా ఉండదు. నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీ వీడియోకు గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు అది అరగంట ముచ్చట. కాబట్టి రాత్రి పూట యాప్ ఆగిపోతే మొదట ఆ రోజు డేటా మిగిలిందో లేదో చూడండి. యాప్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ తగ్గించుకుంటే అదే ప్యాక్ చాలాసేపు వస్తుంది.

వేగం ఎంతుందో తెలియాలంటే బ్రౌజర్‌లో ఫాస్ట్ డాట్ కామ్ తెరిస్తే చాలు. అది నెట్‌ఫ్లిక్స్ నడిపే ఉచిత సైటే. తక్కువ చూపిస్తే ఇవి చేయండి:

- ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో 10 సెకన్లు పెట్టి తీయండి.

- రూటర్ ప్లగ్ తీసేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి.

- వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటితే బలహీనపడుతుంది. దూరం గదిలో ఉంటే 2.4 గిగాహెర్ట్జ్‌కు మారండి.

- వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. వీపీఎన్ ఉందని తెలిస్తే చాలా యాప్‌లు వీడియో చూపించవు.

- ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అనే సెట్టింగ్ ఉంటుంది. ప్రకటనలు రాకుండా ఎవరైనా దాన్ని మార్చి ఉంటే మళ్లీ 'ఆటోమేటిక్'కు పెట్టండి.

ఫోన్‌లో, టీవీలో చూడాల్సినవి

మొదట యాప్‌ను 'ఫోర్స్ స్టాప్' చేసి మళ్లీ తెరవండి. తర్వాత ఫోన్‌ను రీస్టార్ట్ చేయండి. అప్పటికీ కాకపోతే సెట్టింగ్స్‌లో యాప్ పేరు నొక్కి, స్టోరేజ్‌లోకి వెళ్లి 'క్లియర్ క్యాషే' కొట్టండి. పక్కనే 'క్లియర్ డేటా' కూడా ఉంటుంది. రెండూ ఒకటి కాదు. క్యాషే అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు, అవి పోతే నష్టం లేదు. డేటా తుడిచేస్తే లాగిన్, డౌన్‌లోడ్లు అన్నీ పోతాయి. అందుకే అది ఆఖరి మార్గం. ఐఫోన్‌లో చాలా యాప్‌లకు క్యాషే బటన్ ఉండదు. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవాల్సిందే.

ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ యాప్‌లు ఆగిపోవడానికి అసలు కారణం కొన్నిసార్లు ఇదే. యాప్ సర్వర్‌తో మాట్లాడే ముందు ఆ సర్వర్ చూపించే డిజిటల్ సర్టిఫికెట్ గడువు చూస్తుంది. ఫోన్ తేదీ తప్పైతే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనిపించి కనెక్షన్ తెగిపోతుంది. చాలా ఏళ్లుగా అప్‌డేట్ లేని టీవీలు, ఫోన్లలో దీనికి తిరగబడ్డ సమస్య వస్తుంది. అక్కడ తేదీ సరిగానే ఉంటుంది, లోపల దాచుకున్న సర్టిఫికెట్ల గడువే తీరిపోతుంది. 2021 సెప్టెంబర్ 30న ఎన్నో సైట్లు ఆధారపడే ఒక మూల సర్టిఫికెట్ గడువు ముగిసినప్పుడు పాత పరికరాలకు ఇదే జరిగింది.

అప్‌డేట్ అంటే యాప్ ఒక్కటే కాదు. 2021 మార్చిలో 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' అనే భాగంలో లోపం వచ్చి, దానితో సంబంధం ఉన్న ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ కొత్త వెర్షన్ ఇచ్చాకే సర్దుకుంది. కాబట్టి ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూ, క్రోమ్ కూడా అప్‌డేట్ చేసుకోండి. స్టోరేజ్ నిండిపోయినా యాప్ నడవదు, కాస్త ఖాళీ చేయండి.

శబ్దం వస్తోంది, బొమ్మ మాత్రం నల్లగా ఉందా? సినిమా కాపీ కాకుండా యాప్‌లు స్క్రీన్ రికార్డింగ్‌ను అడ్డుకుంటాయి. స్క్రీన్ రికార్డర్, స్క్రీన్ షేరింగ్ యాప్ ఏదైనా నడుస్తుంటే ఆపేయండి. మీరు ఆన్ చేయకుండానే అలాంటి యాప్ నడుస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే తీసేయండి.

టీవీ మరీ పాతదై యాప్‌కు సపోర్ట్ ఆగిపోతే కొత్త టీవీ కొనక్కర్లేదు. హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంటే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఖాతా, పేమెంట్ సంగతి

యాప్ తెరుచుకుని, వీడియో దగ్గర ఆగిపోతే సబ్‌స్క్రిప్షన్ చూసుకోవాలి. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధనలు మారాయి. నెల నెలా కార్డు నుంచి డబ్బు కట్ కావాలంటే ముందుగా ఖాతాదారు అనుమతి ఉండాలి, కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం ఇవ్వాలి. కార్డు మారినా, గడువు తీరినా, ఖాతాలో బ్యాలెన్స్ లేకపోయినా పేమెంట్ ఆగి ప్లాన్ పోతుంది. యూపీఐ ఆటోపే పెట్టుకున్నవాళ్లు తమ యూపీఐ యాప్‌లోనే మ్యాండేట్ నడుస్తోందో లేదో చూసుకోవచ్చు.

ఇంకో మూడు కారణాలున్నాయి. మొదటిది, యాప్ మారిపోవడం. 2025 ఫిబ్రవరి 14న జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. రెండోది, పాస్‌వర్డ్ పంచుకోవడం. ఇంటి బయటివాళ్లతో ఖాతా పంచుకోవడాన్ని నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో మన దేశంలో ఆపేసింది. మూడోది, నిషేధం. అశ్లీల కంటెంట్ చూపిస్తున్నాయని కేంద్రం 2024 మార్చిలో 18, 2025 జూలైలో మరో 25 ఓటీటీ వేదికలను బ్లాక్ చేసింది. వాటిలో ఒకటైతే ఫోన్ ఎంత బాగుచేసినా అది తెరుచుకోదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

దుబాయ్, రియాద్, దోహాలకు వెళ్లిన మనవాళ్లు 'ఊళ్లో ఆడిన యాప్ ఇక్కడ ఆడట్లేదు' అంటుంటారు. సినిమా హక్కులను దేశాన్ని బట్టి అమ్ముతారు. ఇక్కడ కట్టిన ప్లాన్ అక్కడ చెల్లకపోవచ్చు, చెల్లినా అదే సినిమా ఉండకపోవచ్చు. ఇండియా నంబర్ రోమింగ్‌లో లేకపోతే ఓటీపీ కూడా రాదు. వెళ్లే ముందే ఖాతాకు ఈమెయిల్ జత చేసుకోవడం మంచిది.

'వీపీఎన్ వేసుకో భాయ్, అంతా ఆడుతుంది' అనే సలహా విని తొందరపడొద్దు. యూఏఈలో 2021 నాటి 34వ నంబర్ సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో, చేసిన నేరం బయటపడకుండా ఉండటానికో ఐపీ అడ్రస్ మార్చితే జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఒక సినిమా కోసం ఉద్యోగం, వీసా దాకా తెచ్చుకోవడం అవసరమా?

ఆ నంబర్ ఎందుకు ప్రమాదం

గూగుల్‌లో, మ్యాప్స్‌లో, సోషల్ మీడియాలో కంపెనీల పేరుతో నకిలీ నంబర్లు పెట్టడం మోసగాళ్ల పాత పద్ధతి. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడతారు. 'మీ ప్లాన్ ఆగిపోయింది, రిఫండ్ ఇస్తాం' అంటారు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమంటారు, లేదా వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపుతారు. 'చెక్ చేయడానికి 1 రూపాయి పంపండి' అంటారు. స్క్రీన్ వాళ్లకు కనిపిస్తున్నప్పుడు మీరు కొట్టే పిన్, మీకు వచ్చే ఓటీపీ వాళ్లకూ చేరతాయి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే డబ్బు పోవడమే. వీడియో యాప్ బాగుచేయడానికి బ్యాంకు వివరాలతో పని లేదు. కంపెనీ సహాయం కావాలంటే యాప్‌లోనే ఉండే 'హెల్ప్' విభాగంలోకి వెళ్లండి, లేదా కంపెనీ సైట్ అడ్రస్ స్వయంగా టైప్ చేసి తెరవండి. ఫ్రీగా సినిమాలు చూపిస్తామనే ఏపీకేల జోలికి పోవద్దు. వాటిలో సినిమాతో పాటు ఇంకేం దూరుతుందో తెలియదు.

డబ్బు పోతే వెంటనే ఇలా చేయండి

- ఫోన్‌లో నెట్ ఆపేయండి. వాళ్లు వేయించిన యాప్‌ను తీసేయండి.

- వేరే ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి. ఇది సైబర్ మోసాలకు జాతీయ హెల్ప్‌లైన్. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు.

- కార్డు వెనుక ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి.

ఇక్కడ ఆలస్యం చేస్తే నష్టం మనదే. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు చెప్పి మోసపోతే బ్యాంకుకు తెలిపేంతవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలిపిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకు భరించాలి. 'ఇంట్లో తెలిస్తే తిడతారు' అని దాచిపెట్టిన ప్రతి గంటా మోసగాడికే లాభం. ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: యాప్ ఆడకపోతే ఎవరికీ ఫోన్ చేయొద్దు, డబ్బు పోతే మాత్రం వెంటనే చెప్పండి.