అమో, అమాస్, అమా: ఒక క్రియాపట్టిక పూర్వకథ

స్పానిష్ నేర్చుకొనేవారికి తొలి రోజుల్లోనే ఎదురయ్యేది క్రియాపట్టిక. ‘ప్రేమించు’ అనే అర్థమున్న ‘అమార్’ వర్తమానంలో అమో, అమాస్, అమా, అమామోస్, అమాయిస్, అమాన్ అని ఆరు రూపాలు దాలుస్తుంది. తెలుగువారికి ఈ పద్ధతి అపరిచితం కాదు. ‘వస్తాను’ అన్నప్పుడు ‘నేను’ అని వేరుగా చెప్పనక్కర లేనట్టే, ‘అమో’లోనూ కర్త ఎవరో ప్రత్యయమే తెలుపుతుంది. అయితే ఈ పట్టికను పరభాషీయుల కోసం అచ్చువేయడం వెనుక ఒక సామ్రాజ్యపు ఆలోచన ఉంది.

1492 జనవరి 2న గ్రనాద స్పానిష్ రాజదంపతుల వశమయింది. ఆగస్టు 3న కొలంబస్ నౌకలు పాలోస్ రేవు విడిచాయి. ఆగస్టు 18న సాలమాంకాలో అంతోనియో దె నెబ్రిహా రచించిన కస్తిలియన్ వ్యాకరణం అచ్చయింది. అంతకుముందే తన లాటిన్ వ్యాకరణంతో ప్రసిద్ధుడైన పండితుడాయన. జనం నోట వాడుకలో ఉన్న భాషకు వ్యాకరణమెందుకని ఇసబెల్ రాణి అడిగిందనీ, తన బదులు ఆవీలా బిషప్ జవాబు చెప్పాడనీ నెబ్రిహా పీఠికలో రాశాడు. జయించిన జాతులు విజేతల చట్టాలను, వాటితోపాటు వారి భాషను స్వీకరించవలసి వస్తుందనీ, అప్పుడీ పుస్తకం అక్కరకు వస్తుందనీ ఆ జవాబు సారాంశం.

గ్రంథంలోని ఐదు భాగాల్లో చివరిది పరభాషీయులకు ఉద్దేశించినది. లాటిన్‌లోని నాలుగు క్రియాగణాలు కస్తిలియన్‌లో మూడయ్యాయి: ‘ఆర్’, ‘ఎర్’, ‘ఇర్’ అంతంగా గలవి. నేటి పాఠ్యపుస్తకాలదీ ఇదే విభజన. భవిష్యద్రూపం గుట్టునూ నెబ్రిహా పసిగట్టాడు. లాటిన్ భవిష్యద్రూపాలు నశించగా, మూలక్రియకు ‘కలిగి ఉండు’ అనే క్రియ వర్తమానరూపాలు చేరి కొత్తవి ఏర్పడ్డాయి. ‘అమార్’కు ‘ఎ’ చేరితే ‘అమరే’, ‘ఆస్’ చేరితే ‘అమరాస్’. విద్యార్థులు నేడు కంఠస్థం చేసే ప్రత్యయాలు ఒకప్పుడు స్వతంత్ర పదాలన్నమాట.

తరువాతి చరిత్ర పీఠిక ఊహించినట్టు నడవలేదు. రాణికి జవాబు చెప్పిన బిషప్ ఎర్నాందో దె తలవేరా గ్రనాదకు ఆర్చిబిషప్ అయ్యాక, అక్కడి ముస్లిములకు బోధించేందుకు మతాచార్యులే అరబిక్ నేర్చుకోవాలని పట్టుబట్టాడు. ఆయన ప్రోత్సాహంతో పేద్రో దె అల్కాలా రాసిన అరబిక్ బోధిని 1505లో గ్రనాదలో వెలువడింది. సముద్రానికి ఆవల అమెరికాలోనూ పట్టికలు కట్టవలసిన భారం విజేతల పక్షాన వచ్చిన మతగురువుల మీదే పడింది. అంద్రేస్ దె ఓల్మోస్ 1547లో నావాత్ల్ వ్యాకరణం పూర్తిచేశాడు. ఆ భాషలో కర్తను తెలిపే గుర్తు క్రియకు ముందు వస్తుంది: ఉత్తమ పురుషకు ‘ని’, మధ్యమ పురుషకు ‘తి’. నెబ్రిహా చూపిన క్రమం ఈ భాషకు అన్నిచోట్లా సరిపోదని ఓల్మోస్ గ్రహించాడు. 1560లో దొమింగో దె సాంతో తొమాస్ కెచువా వ్యాకరణాన్ని వల్యదోలిద్‌లో ముద్రించాడు.

ఈలోగా నెబ్రిహా లాటిన్ వ్యాకరణం పదేపదే అచ్చవుతుండగా, కస్తిలియన్ వ్యాకరణం రెండు శతాబ్దాలకు పైగా పునర్ముద్రణకు నోచుకోలేదు. 1770లో మూడవ కార్లోస్ రాజు అమెరికాలో దేశీయ భాషలను తుడిచిపెట్టి కస్తిలియన్ మాత్రమే వాడాలని శాసించాడు. బిషప్ జవాబులోని ఊహ అలా ఆజ్ఞగా మారింది. అయినా నావాత్ల్, కెచువా నేటికీ లక్షలమంది నోట పలుకుతూనే ఉన్నాయి. ఆ భాషల శతాబ్దాల నాటి రూపం తెలుసుకోగోరే పరిశోధకులు మొదట తెరిచే పుస్తకాల్లో, పాలక భాష మాట్లాడే గురువులు శిష్యులై కూర్చుని రాసుకొన్న ఆ వ్యాకరణాలున్నాయి.