ముక్కు దగ్గర వేలు, గుండె మీద చెయ్యి

స్పృహ తప్పిన మనిషిని ‘ఒళ్లు తెలియడం లేదు’ అంటాం. తేరుకుంటే ‘తెలివొచ్చింది’ అంటాం. మరి ఆ తెలివి ఒంటిదేనా, ఒంట్లో కాపురం ఉండే మరెవరిదోనా? ఈ చిక్కుముడి మన నుడికారంలోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర హైదరాబాద్‌లో వైద్యులు దాన్ని ఆపరేషన్ బల్ల మీదకే తెచ్చారు, తెచ్చామన్న సంగతి వాళ్లకు తెలియకపోయినా.

కోఠికి ఆ పేరు తెచ్చిన బంగళా బ్రిటిష్ రెసిడెన్సీ. మెట్ల దగ్గర రెండు సింహాలు, పైన ఎత్తయిన స్తంభాలు. చాలామందికి అది ఉమెన్స్ కాలేజీగానే గుర్తు. 1880ల్లో ఆ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఇప్పుడు కోఠిలో ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూలు బాధ్యతా ఆయనదే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసేవాడు. లోపల కాస్త దూది పెట్టిన గరాటులాంటి టోపీ, దాని మీద నాలుగు చుక్కల క్లోరోఫామ్. ముక్కు మీద పెట్టిన కాసేపటికే ‘నేను’ అనేవాడు మాయం. టోపీ తీస్తే మళ్లీ హాజరు.

కొందరు మాత్రం తిరిగి వచ్చేవారు కాదు. ముందు ఆగేది గుండె కనుక నాడి పట్టుకు కూర్చోమన్నది లండన్ వైద్యుల వాదన. ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదివిన లారీ ఒప్పుకోలేదు. ముందు ఆగేది ఊపిరే, దాన్నే కనిపెట్టి ఉండమన్నాడు. 1888లో నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో మొదటి క్లోరోఫామ్ కమిషన్ వేసి కుక్కల మీద పరీక్షలు చేశాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ పెదవి విరిచింది. వాళ్ల మనిషినే పంపమని నిజాం 1000 పౌండ్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు, మళ్లీ వందల మూగజీవాలు బలయ్యాయి. తీర్పు లారీ వైపే వచ్చింది. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని చెబుతారు.

పడమట ఈ మత్తుకు మతం కోణమూ ఉంది. కాన్పు నొప్పి దేవుడి శాసనమని ఎవరైనా అడ్డుపడితే జవాబుగా 1847లోనే, కాన్పులకు క్లోరోఫామ్ వాడిన ఎడింబరో వైద్యుడు సింప్సన్ ఒక కరపత్రం రాసి పెట్టాడు: ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే అతణ్ని గాఢనిద్రలోకి పంపాడు కదా అని. 1853లో విక్టోరియా రాణే కాన్పుకు క్లోరోఫామ్ వాడింది.

మన దగ్గర ప్రశ్న వేరు. పిండీ బెల్లమూ పులిస్తే మత్తు పుట్టినట్టు, మట్టి, నీళ్ల వంటి భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు చార్వాకులు. చిటికెడు మత్తుకే తెలివి ఆరిపోతుంటే వాళ్ల మాట కొట్టేయడం అంత తేలిక కాదు. వేదాంతులు సుషుప్తిని, అంటే కలలు లేని గాఢనిద్రను చూపిస్తారు: హాయిగా నిద్రపోయానని లేచాక చెబుతున్నావంటే, ఆ హాయిని చూసినవాడు ఒకడు మేలుకునే ఉన్నాడు కదా. అయితే క్లోరోఫామ్ నుంచి లేచినవాడు హాయి సంగతి చెప్పడు. ‘అప్పుడే అయిపోయిందా?’ అని అడుగుతాడు.

శంకరుడు ఈ తేడాను ముందే పట్టుకున్నాడు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో మూర్ఛ మీద ఒక సూత్రం ఉంది. దాని భాష్యంలో మూర్ఛ మెలకువ కాదు, కల కాదు, నిద్రా కాదు అంటాడు. నిద్రపోయేవాడి ముఖం ప్రశాంతంగా ఉంటుంది, చేత్తో తడితే లేస్తాడు. మూర్ఛపోయినవాడు దుడ్డుకర్రతో మోదినా లేవడు. చావూ కాదు. అనుమానం వస్తే జనం గుండె మీద చెయ్యి పెట్టి వేడి చూస్తారు, ముక్కు దగ్గర ఊపిరి చూస్తారు అని కూడా రాశాడు. అంతటి అద్వైతీ ఇక్కడ పల్లెటూరి వైద్యుడిలా కనిపిస్తాడు, నాకు నచ్చేదీ అదే. మూర్ఛను ఆయన చావుకు వాకిలి అన్నాడు. లారీ, లండన్ వాళ్లు పోట్లాడుకున్నది ఆ వాకిట్లోనే.

మత్తు ఎక్కితే తెలివి పోతుందనడం వరకు చార్వాకులు నెగ్గారు. అయితే ఒంట్లో ఏది ఎలా ఆగితే ‘నేను’ ఆగుతానో నేటి శాస్త్రం కూడా పూర్తిగా తేల్చలేదు. లారీ కూడా పూర్తిగా నెగ్గలేదు. మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద చూపించాడు. క్లోరోఫామ్ క్రమంగా థియేటర్ల నుంచి వెళ్లిపోయింది. ఇవాళ మత్తు డాక్టరు తెర మీద గుండె గీత, ఊపిరి గీత రెండూ ఒకదాని కింద ఒకటి నడుస్తుంటాయి.